కాయగూరల తోఁటకుఁ గాపు



నేఁటి ప్రసంగ విషయము చిన్నదిగాఁ గన్పట్టవచ్చును. బావిక్రిందనో బోరుక్రిందనో పది యిరువది సెంట్లలోఁ గాయగూరలు వేసికొన్నవారు ఆ మడులను కుందేళ్లనుండియు, నితరములైన దొంగలనుండియు నెట్లు కాపాడుకొనవలెను అనునదియే నేను మనవి చేయఁదలఁచినది. దేశవ్యవహారములు వినిపించు రేడియోలో వంగచెట్టు, అనపతీఁగ మాట లెందులకని కొంద ఱనుకొందురేమో! చిన్నమడిని కాపాడుటకై కట్టిన తీఁగ పెద్దప్రాణములను గొనిపోవుచున్న దినములివి. కావున నిది పెద్దలతోఁ జెప్పవలసిన మాటయే.

మన కవులు కుందేటిని చంద్రుని యొడిలోఁ గూర్చుండఁబెట్టిరి. అందుచేతనే యతనికి శశాంకుఁడను పేరు కలిగినది. పంచతంత్రమున నది సింహమును నూతఁ ద్రోసిన బుద్ధిశాలి. తార్కికులకు లోకమున లేని వస్తువునకు దృష్టాంతము కావలసినపుడు శశవిషాణ మందురు, అనఁగాఁ గుందేటి కొమ్ము. కాని తోఁటకాఁపునకు దాని కొమ్ముతోఁ బనిలేదు. దాని పండ్లే చాలును. ఒక్కరాత్రిలో నొక మడి అలసంద మొలకలను నున్నగాఁ గత్తిరించి పోఁగలదు.

మా నల్లచెరువు కదిరినుండి మదనపల్లెకుఁ బోవు త్రోవలో నున్నది. 2022 ఏప్రిలు వఱకు అనంతపురము జిల్లాలో నుండి, యిపుడు శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినది. పాత అనంతపురము జిల్లాలో ఏఁటి సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్ల ప్రాంతము మాత్రమే. చుట్టును గుట్టలు, బండలు, రేగుపొదలు. వేసవి వచ్చునప్పటికి గుట్టమీఁద గడ్డి యెండును, గుంటలలో నీరింకును. అప్పుడు కనుచూపుమేరలోఁ బచ్చగా నుండునది బోరుక్రింది మడి యొక్కటియే. మేము చెవులపిల్లి యని పిలుచు కుందేలు ఆ మడిలోనికి వచ్చుట దాని దుర్మార్గము కాదు. ఆఁకలియు దప్పికయు దానిని దెచ్చుచున్నవి. ఈ సంగతి మనసునం దుంచుకొన్నచోఁ గాపు పని యెక్కడ మొదలిడవలెనో తెలియును. పైరు మొలకగా నున్న మొదటి నెలయు, గుట్ట యెండిన వేసవి నెలలును మిక్కిలి జాగ్రత్తగా నుండవలసిన కాలములు.

దొంగ యెవ్వఁడో యెఱుఁగక కంచె కట్టుట రోగ మెఱుఁగక మందిచ్చుట వంటిది. తెల్లవాఱఁగానే మడికిఁ బోయి నేలను, కాఁడలను జూడుఁడు. కాఁడ కత్తితోఁ గోసినట్లు ఏటవాలుగాఁ దెగి, ఆ కోఁత మోకాటికిఁ దక్కువ యెత్తున నుండి, ప్రక్కను గుండ్రని యెండు పెంటికలున్నచో వచ్చినది కుందేలు. నాఁగలితో దున్నినట్లు నేల తిరుగఁబడి గెనుసుగడ్డలు, వేరుసెనగ పెల్లగింపఁబడియున్నచో నది అడవిపంది. గుమ్మడికాయ గీఁకఁబడి, దుంప కొఱుకఁబడి, యచ్చటచ్చట ముల్లు రాలియున్నచో ఏదుపంది. గట్టున బొక్కయు, దాని ముందర క్రొత్తమట్టికుప్పయు నున్నచోఁ బందికొక్కు. పగటివేళఁ గాయనుఁ గొఱికి, సగము తిని, సగము పాఱవైచి పోవునది కోఁతి. టమాటాలకుఁ బొడిచిన గంట్లును, మడిలో మూఁడువ్రేళ్ల యడుగులును నెమలివి. ఇఁక పండినవి మాత్రమే పోయి, పచ్చివి నిలిచి, తొడిమలు చక్కఁగాఁ ద్రుంపఁబడియున్నచో, ఆ దొంగకు రెండే కాళ్లు.

ఈ పరీక్ష లేక కొందఱు తాను పట్టిన కుందేటికి మూఁడే కాళ్లని పట్టుపట్టి, పందికొక్కు చేసిన చేటునకు కుందేటిని దిట్టి, కుందేటికై వల కట్టి, ఆ వలక్రిందనే పందికొక్కు దారి చేసికొనుచుండఁగాఁ జూచుచుందురు.

ఈ పోరాటము మనతో మొదలైనది కాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున పొలపు కంచె యెట్లుండవలెనో చెప్పఁబడినది. ఒంటె తల యెత్తి చూచినను లోపలి పైరు కనఁబడనంత యెత్తుండవలెను. కుక్కగాని పందిగాని తల దూర్పఁగల సందులన్నియుఁ బూడ్పవలెను. అనఁగా నెత్తు వేఱు, దట్టము వేఱు. రెండును గావలెనని వారి యభిప్రాయము. కౌటిల్యుని యర్థశాస్త్రము మూఁడవ యధికరణమునఁ గాపుదలలో నున్న మృగములు పైరు మేయుచున్నచో అడవి యధికారులకుఁ దెలుపవలెననియు, వానిని గొట్టక చంపక వెడలఁగొట్టవలెననియు నున్నది. రెండువేల యేండ్లనాఁటి శాస్త్రకారులకుఁ బంటమీఁద దయయుఁ గలదు, ప్రాణిమీఁద దయయుఁ గలదు. రెంటిని గలిపి నడచుటయే మన పెద్దల మార్గము.

ఇఁక నుపాయములు చెప్పెదను. మొదట కుందేలు. మన కుందేలు బొక్క త్రవ్వు జాతి కాదు. పగలెల్ల పొదక్రిందనో గడ్డిదుబ్బులోనో యణఁగియుండి, చీఁకటి పడిన తరువాత మేఁతకు వెడలును. అందుచేత దానికై లోఁతైన పునాది యక్కఱలేదు. మూఁడడుగుల యెత్తు గల యినుపవల, కన్ను అంగుళమున్నరకు మించనిది, చాలును. వల క్రింది యంచును అడుగుమేర బయటివైపు నేలమీఁద మడిచి, దానిపై రాళ్లు పేర్చవలెను. కుందేలు కంచె మొదటికి వచ్చి గీఁకఁ జూచునుగాని, యడుగు వెనుకకుఁ బోయి యక్కడ నుండి మొదలుపెట్టవలెనను తెలివి దానికి లేదు. మా ప్రాంతమున రాళ్లకుఁ గొఱత లేదు గదా!

కంచె యంతయు బాగుగాఁ గట్టి వాకిలి మఱచుట మన వాడుక. తడికె క్రింద జానెడు సందు విడిచినచో, మిగిలిన మూఁడువందల యడుగుల వలయు వ్యర్థమే. కావున వాకిట నొక బండగడపను వేసి, తడికె దానికిఁ దగులునట్లు కట్టుఁడు. కంచెకుఁ జుట్టును పది మూరలు పొదలు నఱికి నేలను శుభ్రముగా నుంచుఁడు. దాఁగుటకుఁ జోటు లేని బయలును దాఁటి వచ్చుటకు కుందేలు సంకోచించును; అటువంటి చోట్ల దానికిఁ దోడేలు, నక్క, గుడ్లగూబ భయము.

వల కొనలేనివారికి కంప యున్నది. రేగుకంప, తుమ్మకంప మొదళ్లు బయటికిఁ గాక లోపలికుండునట్లు పేర్చి, నడుమ నడుమ గుంజలు నాటి కట్టినచో నొక పంటకాలము నిలుచును. అంతకంటె మేలైనది జీవకంచె. గచ్చపొద, వాకపొద, కిత్తనార మట్ట, వావిలి యను వానిని గట్టుపొడవున నాటినచో రెండుమూఁడేండ్లలో నల్లుకొనును. వావిలిని మేఁకలు ముట్టవు. వాక పొద కాయయు నిచ్చును. మన తాతలు నాగజెముడును గంచెగాఁ బెంచిరి. అది మేర మీఱి పొలములను, బీళ్లను గప్పివైచినందున 1926 ప్రాంతమున సింహళమునుండి యొక జాతి పురుగును దెప్పించి దక్షిణదేశమున విడిచిరి. ఆ పురుగు జెముడును దిని యణఁచినది. కంచెయే చేను మేయు కాలము వచ్చునని చెప్పుట కిది యొక సాక్ష్యము. నేఁడు సర్కారు తుమ్మను గట్లపై మొలకెత్తనిచ్చువారును ఈ కథను జ్ఞాపకముంచుకొనవలెను.

కంచె యెంత గొప్పదైనను కాపు లేక నిలువదనుటకు విదేశ దృష్టాంత మొకటి చెప్పెదను. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా సీమలో నొక దొర వేఁటవినోదమునకై సీమకుందేళ్లను రెండు డజన్లు విడిచెను. అవి బొక్కలు త్రవ్వి బహుసంతానమగు జాతి. అర్ధశతాబ్దములోపలనే యా ఖండమునఁ బెద్దభాగమున వ్యాపించినవి. పడమటి ఆస్ట్రేలియా ప్రభుత్వమువారు 1901 మొదలు 1907 వఱకు మూఁడు వరుసలుగా మొత్తము 3,256 కిలోమీటర్ల కంచె కట్టిరి. కన్యాకుమారినుండి కాశ్మీరమునకుఁ బోవు దూరమంత! కాని కంచె ముగియకముందే కుందేళ్లు దానికి పడమటఁ గన్పట్టినవి. ఆ పొడవునంతయు గుఱ్ఱములమీఁద, ఒంటెలమీఁదఁ దిరిగి రంధ్రములు పూడ్చు మనుష్యుల నుంచవలసి వచ్చినది. మన యిరువది సెంట్లకును న్యాయ మదియే. వారమున కొకమాఱు కంచె చుట్టును దిరిగి చూడనివానికిఁ గంచె లేనట్లే.

అడవిపందికి వల చాలదు. అది బలముగల జంతువు, గుంపుగా వచ్చును. వేరుసెనగ చేనిచుట్టును ముండ్లు గల కుసుమను నాలుగైదు సాళ్లు వేయుట మేలైన పద్ధతి. కొందఱు ఆముదపుఁజెట్లు వేయుదురు. రంగుచీరలు కట్టుట, దిష్టిబొమ్మ నిలుపుట, డబ్బాలు మ్రోగించుట, యిపుడు పెట్టెలోనుండి పులియఱపు వినిపించుట యివన్నియు మూఁడునాళ్ల ముచ్చట. మృగము మొదట వెఱచును, పిమ్మటఁ బరీక్షించును, తరువాత బొమ్మ ప్రక్కనే నిలిచి మేయును. కావున నొక యుపాయమును వారమునకు మించి యొకచోట నుంచరాదు. ప్రాఁతకాలపు మంచెయు, దానిపై నొడిసెల పట్టిన మనుష్యుఁడును నేఁటికిని సాటిలేనివి. మనుష్యుని కంఠధ్వనికి, టార్చిదీపమునకు మృగ మలవాటుపడుట కష్టము, ఏలయనఁగా మనుష్యుఁ డెపుడే మూలనుండి వచ్చునో దానికిఁ దెలియదు.

ఇపుడు నేను ముఖ్యముగాఁ జెప్పవలసిన మాటకు వచ్చుచున్నాను. కాపు కాయుటకు నిద్ర చాలక, కొందఱు కరెంటుస్తంభమునుండియో మోటారుపెట్టెనుండియో తీఁగ లాగి మడిచుట్టును గట్టి రాత్రి విద్యుత్తు విడుచుచున్నారు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమనుట దీనికిఁ జాలదు. బ్రహ్మాస్త్రమునకైన నుపసంహారము కలదు. ఆ తీఁగకుఁ గుందేలెవ్వరో, పొరుగింటి పిల్లవాఁ డెవ్వరో తెలియదు. తెల్లవాఱుజామున నీరు కట్టుటకుఁ బోవు కూలివాఁడు, తప్పిపోయిన మేఁకను వెదకు బాలుఁడు, తుదకు తాను గట్టిన తీఁగను తానే మఱచిన యజమానుఁడు దానికి బలియైన వార్తలు తెలుగుపత్రికలలో మాటిమాటికి వచ్చుచునే యున్నవి. ఇంటికి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు ఆగక ప్రవహించును. పట్టినచేయి ముడుచుకొని విడువదు. అదియే దానిలోని మృత్యువు.

సౌరకంచె యనఁబడునది వేఱు. దానిలోఁ దగిన యంత్రము సెకండున కొక్కమాఱు, అదియు మిక్కిలి స్వల్పకాలము మాత్రమే, ప్రేరణ నిచ్చును. ముట్టినదానికి దెబ్బ తగులును, నడుమ విరామమున విడిపించుకొని పరుగెత్తును. అట్టి యంత్రమును బ్రమాణముద్ర చూచి కొని, తెలిసినవానిచే నమర్పించి, హెచ్చరిక పలకలు వ్రేలాడఁగట్టినచో నభ్యంతరము లేదు. కాని పేరు సౌరకంచెయనుచు స్తంభమునుండి నేరుగాఁ దీఁగ లాగినచో నది కంచె కాదు, ఉరి. అట్లే గుమ్మడిముక్కలో మందుగుండు పెట్టుటయు, బెల్లములో పురుగుమందు కలుపుటయు. పందికిఁ బెట్టినది ఊరి యావు తినును, కుక్క తినును, నెమలి తినును.

చట్టమును దెలిసికొనుట మంచిది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము కుందేటిని, అడవిపందిని, ఏదుపందిని, నెమలిని, కృష్ణజింకను గూడఁ గాపాడుచున్నది. ఉచ్చు వేయుటయు, బోను పెట్టుటయు వేఁటగానే యెంచఁబడును. పంటకుఁ జేటు చేయు కొన్ని జంతువుల విషయమున నధికారి వ్రాఁతపూర్వకముగా ననుమతి యీయఁగలఁడుగాని, యెవరికివారు తీర్పు చెప్పుకొనుటకు వీలులేదు. తీఁగవలన మనుష్యుఁడు మరణించినచో నేరము మఱింత పెద్దది. రాత్రి ముప్పదిరూపాయల కూరగాయలకై యొక కుటుంబము చెఱసాలయు, వేఱొక కుటుంబము శ్మశానమును జేరుటకంటె దురదృష్టము గలదా?

రెండుకాళ్ల దొంగను గూర్చి రెండుమాటలు. 2023 జూలై నెలలో మదనపల్లె సంతలో టమాటా కిలో నూఱురూపాయలు దాఁటినపుడు పలుచోట్ల రైతులు రాత్రులు తోఁటలో మంచము వేసికొని కావలి కాయవలసి వచ్చినది. ధర పెరిగిన దినములలో దొంగ పెరుగును. అట్టిదినములలో కాఁపులు కలసి వంతులు వేసికొని కావలి యుండుటయు, క్రొత్తబండి త్రోవలో నిలిచినచో సంఖ్య వ్రాసికొనుటయు, దొరకినవానిని గొట్టక పోలీసువారికి నొప్పగించుటయుఁ దగిన పనులు. కాని బడినుండి పోవుచు నొక దోసకాయ కోసిన పిల్లవాఁడును, బండితోఁ దోలుకొనిపోవు దొంగయు నొక్కటి కారు. త్రోవబత్తెము తీఱిన బాటసారి పరునిపొలమున రెండు చెఱకుగడలో, రెండు దుంపలో తీసికొన్నచో దండన లేదని మనువు చెప్పెను. ఆ మాట యక్కడ ద్విజునికే చెప్పఁబడినను, మన పల్లెలు దానిని ఆఁకలిగొన్న వారందఱికి వర్తింపఁజేసికొన్నవి. గట్టువెంట రెండు సాళ్లు అలసంద యెక్కువ వేసి, యివి త్రోవనుబోవువారి వంతని విడుచు కాఁపులను నే నెఱుఁగుదును. వారి తోఁటలో లోపలి కాయకుఁ జేటు తక్కువ. ఊరి కన్నులన్నియు వారికిఁ గావలి.

ఇదియే నా తుదిమాటకు దారి. మా యూరి దాపున నైదుగురి మడులు వరుసగా నుండెను. కలిగినవాఁ డొకఁడు తన మడిచుట్టును గట్టివల కట్టించెను. కుందేళ్లు తగ్గినవా? లేదు. ఆ రాత్రినుండి ప్రక్కమడికిఁ బోయినవి. ఆతఁడును గష్టపడి కంచె కట్టెను. అవి మూఁడవ మడికిఁ బోయినవి. తుదకు మిగిలినది భర్తలేని యొక ముసలితల్లి మడి. అయిదుగురి కుందేళ్లును నామె గోంగూరమీఁదఁ బడినవి. ఒంటికంచె మృగమును నివారింపదు, బలహీనునివైపునకుఁ దోలును.

లెక్కచూడుఁడు; నేను బడిపంతులను గనుక లెక్క విడువలేను. ఇరువది సెంట్ల చదరపు మడికిఁ బ్రక్క సుమారు 93 అడుగులు. చుట్టుకొలత 372 అడుగులు. అయిదుగురు వేఱువేఱుగాఁ గట్టినచో 1,860 అడుగుల వల కావలెను, అయిదు వాకిళ్లు కావలెను. అయిదు మడులను గలిపి యొక్క కంచె కట్టినచో 1,116 అడుగులు చాలును. 744 అడుగుల వలయు, నాలుగు వాకిళ్లును మిగులును. ఆ మిగిలిన సొమ్ముతో ముసలితల్లి వంతు తీఱును. వంతుల కావలికి మంచెయు నొకటి లేచును. గట్టుతగవులున్నచో లోపలి గట్టున నుండనిండు. కంచె మాత్రము బయటిగట్టున నొక్కటిగా నుండవలెను. మా యైదుగురును ఇట్లే యొడంబడిరి. ఒడంబడుటకుఁ బట్టిన కాలము కంచె కట్టుటకుఁ బట్టిన కాలమునకు మూఁడింత లైనదని చెప్పకతప్పదు. ఆ యొడంబడిక కుదిర్చినవారు ఊరిపెద్దలే.

కావున పెద్దలారా! మీ యూర విత్తనము వేయకముందే మడులవారిని రచ్చబండకుఁ బిలువుఁడు. ఎవరి మడి దేనివలనఁ జెడుచున్నదో చెప్పించుఁడు. కలిసి కట్టఁదగిన కంచె లెన్నో, కాపు వంతు లెవరివో నిర్ణయింపుఁడు. నష్టము జరిగినచో మఱునాఁడే గ్రామాధికారులకు, అటవీశాఖవారికిఁ దెలుపుటకు చదువువచ్చిన యువకు నొకని నియమింపుఁడు. అన్నిటికంటె ముందుగా మన యూర నెవ్వరును గరెంటుతీఁగ కంచెగాఁ గట్టరాదని నలుగురియెదుట మాట తీసికొనుఁడు. కట్టినవానిని మొగమోటము లేక మందలింపుఁడు. పోయిన వంకాయ మఱుపంటకు వచ్చును. తీఁగపైఁ బడిన పిల్లవాఁడు రాఁడు.